గేటు దగ్గరి గొంతు

నా ఇల్లాలికి నీ మొగుడు రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం. ఆ అందరిలో నేనూ ఉన్నాను కాబట్టి నీ తమ్ముడు ఏం రాసినా సగమే నమ్ము. మీ అక్క, మా వదిన, మంచం దిగి, కర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తోందని రాశావు. సంతోషం. తుంటి అతికింది కదా అని తొందరపెట్టి తిప్పొద్దు. ఈనిన ఆవు లేవలేక లేవలేక లేస్తే దాన్ని ఆ పూటే మేతకు తోలం కదా, ఇదీ అంతే. ఈ పోలిక మాత్రం ఆవిడకు చదివి వినిపించకు.

నీ ఉత్తరం అందింది. మొదట కళ్లజోడు లేకుండా చదివాను. తిడుతున్నట్టు అనిపించింది. కళ్లజోడు పెట్టుకుని మళ్ళీ చదివాను. నిజంగానే తిట్టావు. తిట్టాల్సినవన్నీ తిట్టి, ఆఖరున "నువ్వు మళ్ళీ ఆ దొడ్డిలో అడుగుపెట్టావని తెలిస్తే నేను ఆ ఇంటి గడప తొక్కను, అక్క దగ్గరే ఉండిపోతాను" అని రాసి కింద గీత కూడా గీశావు. గీత ఎందుకు? నాకు చదువు తక్కువేగాని మాట అర్థం కానంత తక్కువ కాదు.

దానికి నా దగ్గర జవాబు ఉంది. ఇప్పుడే చెప్పను. బెదిరించగానే జవాబు చెప్పే అలవాటు నాకు పెళ్లినాడూ లేదు, ఇప్పుడూ లేదు. ముందు నువ్వు అడిగిన మిగతావాటి సంగతి చూద్దాం.

తిండి గురించి అడిగావు. నీ మరదలు రెండు పూటలా క్యారేజీ తెచ్చి ఇస్తోంది. ఉప్పు నీ చేతికంటే ఒక చిటికెడు తక్కువ వేస్తుంది. నా రక్తపోటుకు అదే మంచిదని డాక్టరు అన్నాడట, నా నాలుకని మాత్రం ఎవరూ అడగలేదు. మాత్రలు వేసుకుంటున్నాను. నమ్మవని తెలుసు కాబట్టి ఖాళీ అట్టలు కిటికీలో దాచి ఉంచాను, వచ్చాక లెక్కచూసుకో. స్నానాల గది కుళాయి కారడం ఆగింది. నేను బాగుచెయ్యలేదు, దానంతట అదే ఆగింది. బట్టలు ఉతుక్కుంటున్నాను. తెల్ల చొక్కా ఇప్పుడు తెల్లగా లేదు, దాని గురించి మళ్ళీ ఎప్పుడైనా మాట్లాడుకుందాం.

చంటోడు మేత సరిగ్గా తింటున్నాడా అని అడిగావు. మొగుడు తింటున్నాడా అన్న మాట దాని తర్వాతి పంక్తిలో ఉంది. నేను గమనించలేదనుకోకు. తింటున్నాడు. నేను తినేదానికంటే బాగా తింటున్నాడు. వాడిది తప్పు కాదని, నేనే ఏదో కెలికి ఉంటానని కూడా రాశావు. కట్టుకున్నవాడి పక్కటెముకలు బీటలు వారితే ఆబోతు తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆడమనిషిని నిన్నే చూశాను.

నీ కళ్లకు వాడింకా, తల్లి చచ్చిపోయి మన పెరట్లో వణుకుతూ నిలబడ్డ దూడే. డెయిరీ పాత ఓనరు తెచ్చి మన చేతుల్లో పెడితే నువ్వు సీసాతో పాలు పట్టావు, గోనెపట్టా కప్పి పక్కనే కూర్చున్నావు. పేరు కూడా నువ్వే పెట్టావు. కాదనను. కానీ వాణ్ని నువ్వు దగ్గర నుంచి చూసి ఎన్నాళ్లయింది? ఇప్పుడు వాడు అడ్డం తిరిగి నిలబడితే దొడ్డికి అవతలి గోడ కనపడదు. మెడ నా నడుముకంటే లావు. తొట్టిలో మూతి పెట్టి పీలిస్తే నీళ్లు దిగడం కళ్లతో చూడొచ్చు. నేను చంటోడా అని పిలుస్తుంటే కొత్తగా పనిలో చేరినవాళ్లు ముందు నవ్వుతారు. వాడు తలెత్తి చూశాక గేటుకు అవతలికి జరిగి నిలబడతారు.

మనం చేసిన పొరపాటేమిటో నాకు ఇప్పుడు తెలుసు, నీకూ తెలియాలి. దూడని మనుషుల మధ్య పెంచితే మచ్చికవుతుందని అనుకున్నాం. పెయ్యదూడ అవుతుంది. కోడెదూడ అలా కాదు. అది మందలో పెరిగితే పెద్ద ఆబోతులు కుమ్మి చెప్పాల్సింది చెబుతాయి, ఎవరికి ఎంత దూరంలో ఉండాలో అక్కడే నేర్చుకుంటుంది. వీడు మనతో పెరిగాడు. మనుషుల్ని చూసి జంకడం వీడికి రాలేదు. పైగా నేను సాయంత్రాలు వాడి నుదుటి మీద చెయ్యి పెట్టి తోసేవాణ్ని, వాడు తిరిగి తోసేవాడు, నువ్వు గుమ్మంలో కూర్చుని పడీ పడీ నవ్వేదానివి. వాడు ఆ ఆట మర్చిపోలేదు. వాడికి నామీద పగ లేదు. వాడి లెక్కలో నేను వాడి దొడ్డిలో మిగిలిన ముసలి ఆబోతుని. ఎవరు పెద్దో తేల్చుకోవాలంతే. ఇది నాకు అవమానమో గౌరవమో ఇంకా తేల్చుకోలేదు. ఇప్పుడు డెయిరీలో ఎవరైనా కోడెదూడ నుదురు గోకితే మాత్రం చేతిమీద ఒకటి వేస్తున్నాను.

ఇక నీ తమ్ముడు రాసినదాని సంగతికి వస్తాను. "బావని చంటోడు తోశాడు, కాస్త దెబ్బ తగిలింది" అని రాశాడట. తోయడం కాదు. ఎత్తి గోడకు పెట్టాడు. రాస్తే సరిగ్గా రాయాలి.

ఇంటికొచ్చి పని మాటలు మాట్లాడే అలవాటు నాకు లేదు కాబట్టి మా పద్ధతి నీకు తెలియదు. ఆబోతు దొడ్డిలోకి ఎప్పుడూ ఒక్కడే వెళ్లకూడదు. ఒకడు లోపలికి వెళితే ఒకడు గేటు దగ్గర ఉండాలి. గేటు దగ్గరున్నవాడికి వేరే పనేమీ లేదు. బీడీ కాల్చకూడదు, దారిన పోయేవాళ్లతో కబుర్లాడకూడదు. ఆబోతుని చూస్తూ ఉండాలి. అది తేడాగా కదిలితే కేకెయ్యాలి. కేక వినపడిందంటే లోపలున్నవాడు ఎందుకని అడక్కూడదు, వెనక్కి చూడకూడదు. చేతిలో ఉన్నది వదిలేసి మూలనున్న సందులోంచి బయటపడాలి. ఆ సందు రెండు ఇనప స్తంభాల మధ్య ఉంటుంది. మనిషి పక్కకు తిరిగితే పడతాడు, ఆబోతుకు తల కూడా పట్టదు. కేకెయ్యాల్సిన చోట కేకెయ్యనివాణ్ని మళ్ళీ ఎవరూ గేటు దగ్గర నిలబెట్టరు. ఒకడి ప్రాణం ఇంకొకడి గొంతులో ఉంటుంది కాబట్టి ఈ విషయంలో మాటా మంతీ ఉండదు.

ఆ పొద్దున పక్క దొడ్డిలో ఒక ఆవు ఎదకొచ్చి అరుస్తోంది. అలాంటి రోజున ఆబోతు దగ్గరికి వెళ్లకూడదని అందరికీ చెప్పేవాణ్ని నేనే. కానీ తొట్టి తూములో గడ్డి ఇరుక్కుని నీళ్లు పోవడం లేదు. నేనే వెళ్లాను. గేటు దగ్గర నీ తమ్ముడు. తొట్టి మీదికి వంగి తూములో చెయ్యి పెట్టాను. చంటోడు నాకు ఎడమ పక్కన, దొడ్డి అవతలి చివర ఉన్నాడు.

ఆబోతు చెప్పకుండా మీద పడదు. ముందు పక్కకు తిరిగి, మెడ వంచి, వీపు పైకి లేపి తనెంత ఉందో చూపిస్తుంది. కాలితో మట్టి వెనక్కి గీరుతుంది. గొంతు లోపల్నుంచి ఒక మూలుగు వస్తుంది, దూరంగా ఎక్కడో లారీ ఇంజను ఆపకుండా వదిలేసినట్టు. అప్పుడు కర్ర ముందుకు పట్టుకుని, దాని మీదే కళ్లు పెట్టి, అడుగులో అడుగు వేస్తూ వెనక్కి రావాలి. వీపు చూపించి పరిగెత్తామా, అయిపోయినట్టే. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. ఆ పొద్దున ఒక్కటీ చూడలేదు, వినలేదు. తొట్టిలో నీళ్లు నల్లబడ్డాయి. మబ్బు పట్టిందనుకున్నాను. అది వాడి నీడ.

వాడికి కొమ్ములు లేవు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. దూడగా ఉన్నప్పుడే మొదళ్లు కాల్పించారు, ఆ రోజు నువ్వు అన్నం తినలేదు. నుదురుతో గోడకు అదిమాడు. ఊపిరి మొత్తం బయటికి పోయింది, లోపలికి మళ్ళీ రాలేదు. నీ తమ్ముడు ఇనప కడ్డీతో గేటు మీద దబదబా బాదుతుంటే చంటోడు తల అటు తిప్పాడు. నేను కిందపడి, తొట్టి పక్కగా దొర్లి, పాకి సందులో దూరాను. ఒక చెప్పు లోపలే ఉండిపోయింది. చంటోడు దాన్ని వాసన చూసి, నలిపి, దాని మీద నిలబడ్డాడు. భయం వేసిందా అని తర్వాత అందరూ అడిగారు. లేదని చెప్పాను. నీకు చెప్పడానికేం, వేసింది. ఇప్పటికీ తుమ్ము వస్తే ముందు గోడ పట్టుకుంటున్నాను.

ఇంతవరకూ నీ తమ్ముడు రాశాడు, కాస్త తగ్గించి. వాడు రాయనిది ఒకటుంది. అది వాడు చచ్చినా రాయడు. నేనే రాయాలి.

నన్ను బయటికి లాగి కూర్చోబెట్టాక ఓనరమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. పాత ఓనరు కూతురు, ఇప్పుడు డెయిరీ అంతా ఆ అమ్మాయే చూస్తోంది కదా. గేటు దగ్గర ఎవరున్నారని అడిగింది. నీ తమ్ముడు చెయ్యెత్తాడు. కేక వెయ్యలేదా అని అడిగింది. వాడు నోరు తెరిచేలోపు నేను అందుకున్నాను.

"వెయ్యలేదమ్మా. వేస్తే నాకు వినపడదా?"

నీ తమ్ముడు నావైపు చూశాడు. తర్వాత నేలవైపు చూశాడు. ఆ రోజే వాణ్ని ఆబోతు పని నుంచి తీసేసి పేడ గుంట దగ్గర వేశారు. మర్నాటి నుంచి డెయిరీలో వాడి పేరు మూగోడు. "ఏరా మూగోడా, తట్ట నిండిందా, అదైనా నోరు తెరిచి చెప్పు" అని పాలు పితికేవాళ్లు వాణ్ని ఆడించడం మొదలుపెట్టారు. ఈ సంగతి నాకు ఇంట్లో పడుకుని ఉండగా తెలిసింది. బాగా అయిందనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను. వాడు పరధ్యానంలో ఉండి నా ప్రాణం తీయబోయాడని ఒట్టేసి చెప్పగలిగేవాణ్ని.

నీ మరదలు అప్పుడు కూడా క్యారేజీ తేవడం మానలేదు. గుమ్మంలో పెట్టి, పాత గిన్నెలు తీసుకుని పోయేది. అంతకుముందు "అన్నయ్యా, కూర ఎలా ఉంది" అని పోరు పెట్టే మనిషి, ఒక్క మాట మాట్లాడలేదు. ఉప్పు మాత్రం ముందున్నంతే ఉంది. కోపంతో ఎక్కువ వేసినా బాగుండేది.

ఒక మధ్యాహ్నం నేను మంచం మీద ఉన్నాను. ఎడమ పక్కన ఎముకలు బీటలు వారాయి కాబట్టి కుడి పక్కకు తిరిగి పడుకోమని డాక్టరు చెప్పాడు. ఎప్పుడూ నేను వెల్లకిలా పడుకునేవాణ్ని, నీకు తెలుసు. ఉన్నట్టుండి ఎవరో భుజం పట్టుకుని కుదిపితే అదిరిపడ్డాను. నీ మరదలు, మొహం పాలిపోయి నిలబడి ఉంది. పోయాననుకుందట.

"తలుపు బాదాను అన్నయ్యా. పిలిచి పిలిచి గొంతు పోయింది. పక్కింటివాళ్లు వచ్చి కిటికీలోంచి గడియ తీశారు."

నిజంగానే పక్కింటాయన కిటికీలోంచి తొంగి చూస్తున్నాడు. నిద్రపోయానని అబద్ధం చెప్పాను. నిద్రపోలేదు. గోడ చూస్తూ పడుకున్నాను. కుడి చెవి దిండులో ఉంది, ఎడమ చెవి పైకి ఉంది, తలుపు విరగ్గొడుతున్నా నాకు లోకం ప్రశాంతంగా ఉంది. ఆవిడ వెళ్లాక లేచి గోడ గడియారం దించాను. కుడి చెవికి పెట్టుకుంటే టిక్కు టిక్కుమంటోంది. ఎడమ చెవికి పెట్టుకుంటే ఆగిపోయింది. మళ్ళీ కుడికి పెట్టుకుంటే నడుస్తోంది. గడియారం పాడైందని కాసేపు దాన్ని తిట్టాను. తర్వాత తిట్టడం మానేశాను.

తొట్టి దగ్గర వంగినప్పుడు గేటు నాకు ఎడమ పక్కన. చంటోడు ఎడమ పక్కన. నా కుడి పక్కన గోడ.

వాడు పిలిచాడన్నమాట. ప్రాణం పెట్టి అరిచే ఉంటాడు.

ఇక్కడిదాకా చదివి, తెలిశాక అయినా పరిగెత్తి వెళ్లి చెప్పి ఉంటాడులే అనుకుంటున్నావేమో. వెళ్లలేదు. అది నీకు చెప్పాలనే ఇంత పొడుగు రాస్తున్నాను. ఊరుకున్నాను. చెవి పోయిందని తెలిస్తే ఓనరమ్మ పూలదండ వేసి ఇంటికి పంపుతుందని తెలుసు. జీవితమంతా ఆబోతుల మధ్య నిలబడ్డవాణ్ని, గుమ్మంలో కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్లని లెక్కపెట్టుకుంటూ బతకడం నా వల్ల కాదు. వాడు కుర్రాడు, పేడ ఎత్తితే అరిగిపోడు, నాలుగు రోజులు పోతే మూగోడన్న పేరు వాళ్లే మర్చిపోతారు అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అన్నం మాత్రం సహించలేదు.

ఎముకలకు పట్టీ కట్టుకుని డెయిరీకి వెళ్లిన రోజున వాడు పేడ గుంట దగ్గర ఉన్నాడు. నన్ను చూసి పార దింపాడు. నేను గుంట గట్టున నిలబడ్డాను. వాడు నాకు ఎదురుగా రాకుండా, గుంట చుట్టూ తిరిగి, నా కుడి పక్కకు వచ్చి నిలబడి "ఎలా ఉంది బావా" అన్నాడు. అప్పుడు నాకు తట్టింది. వాడు ఎన్నాళ్లుగానో నాతో కుడి పక్కనుంచే మాట్లాడుతున్నాడు. నడిచేటప్పుడు కుడి పక్కనే నడుస్తాడు. టీ తాగేటప్పుడు బల్ల చుట్టూ తిరిగి వచ్చి మరీ కుడి పక్కన కూర్చుంటాడు.

"ఎప్పట్నుంచి తెలుసురా నీకు?"

"దేని సంగతి?" అన్నాడు వాడు.

"నాటకాలాడకు. నా చెవి సంగతి."

వాడు పార కొనతో గట్టు గీరడం మొదలుపెట్టాడు.

"మరి ఆ రోజు పిలిచానని ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే నిన్ను ఇంటికి పంపేస్తారు బావా. నువ్వు రోజంతా ఇంట్లో కూర్చుంటే మా అక్క బతకాలా వద్దా?"

నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేదు. వాడి అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. తన ప్రాణం మీదికి కాకపోయినా తన పరువు మీదికి తెచ్చుకుని నన్ను కాచాడు, నేను ఇంట్లో కూర్చుని ఉప్పు తక్కువైందని వంకలు పెట్టాను. నీ తమ్ముణ్ని పెళ్లినాటి నుంచీ దద్దమ్మ అంటూ వచ్చాను. ఆ మాట ఈ ఉత్తరంతో వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు వాడికి చెప్పొద్దు, నెత్తికెక్కుతాడు.

వాణ్ని రెక్క పట్టుకుని, పేడ కాళ్లతోనే పాల షెడ్డులోకి లాక్కుపోయాను. సాయంత్రం పాలు కొలిచే వేళ, అందరూ అక్కడే ఉన్నారు, ఓనరమ్మ కూడా ఉంది. బిందెల చప్పుడు ఆగేదాకా నిలబడ్డాను. తర్వాత నాకు వచ్చిన గొంతుతో చెప్పాను.

"ఆ రోజు వీడు పిలిచాడు. నాకే వినపడలేదు. నా ఎడమ చెవి చచ్చిపోయింది. నేను చెప్పింది అబద్ధం. ఇకమీదట వీణ్ని మూగోడా అని పిలవాలనుకున్నవాడు ముందు నా ఎదురుగా వచ్చి నన్ను చెవిటోడా అని పిలిచి, ఆ తర్వాత వీణ్ని పిలవాలి."

ఎవరూ రాలేదు. ఎవరైనా వస్తారేమోనని కాసేపు ఎదురుచూశాను కూడా. రాకపోయేసరికి, ఊరుకోకుండా, మొదట ఆ పేరు పెట్టినవాడి పక్కకు వెళ్లి ఇంకో నాలుగు మాటలు అన్నాను. అవి ఇక్కడ రాయను, వదిన వింటుంది. అలా అంటూ ఉండగా నీ తమ్ముడు చొక్కా పట్టుకుని లాగాడు. తిరిగి చూస్తే ఓనరమ్మ నా ఎడమ పక్కన నిలబడి ఉంది. అప్పటిదాకా తను నన్ను పిలుస్తూనే ఉందట. షెడ్డంతా చూస్తోందట, నేను తప్ప. పశువులు చూస్తే పరువు పోదుగాని మనుషులు చూశారు. సరే, చూడనీ.

ఓనరమ్మ మంచిదే. నన్ను పక్కకు తీసుకెళ్లి, కుర్చీ వేసి, కుడి పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. ఇన్నేళ్లు చేశారు, ఇక చాలు, గౌరవంగా ఇంటికెళ్లండి, మీకేమైనా అయితే మీ ఇంటావిడకు నేనేం చెప్పాలి అంది. నువ్వు రాసినట్టే మాట్లాడింది. మీరిద్దరూ కూడబలుక్కున్నారేమోనని నాకు ఇప్పటికీ అనుమానమే.

నేను వెళ్లనన్నాను. దొడ్డిలోకి వెళ్లనన్నాను, డెయిరీ నుంచి మాత్రం వెళ్లనన్నాను. "లోపలికి పోయేవాడికి చెవులు కావాలమ్మా, నాకు ఒకటే ఉంది, కాబట్టి నేను పోను. గేటు దగ్గర నిలబడేవాడికి కావలసింది కళ్లు, గొంతు. నా కళ్లకు దూరంలో ఏ లోటూ లేదు. నా గొంతు సంగతి ఇప్పుడే షెడ్డంతా విన్నది" అన్నాను. ఆ అమ్మాయి వెంటనే ఒప్పుకోలేదు. చెవి డాక్టరుకు చూపించుకోవాలంది. నా వెనకనుంచి ఏదైనా వస్తే ఎలా అని అడిగింది. అది మంచి ప్రశ్నే. చివరికి తనే ఆలోచించి, గేటు పక్కన నా వీపుకు గోడ ఉండేలా ఒక గట్టు కట్టిస్తానంది. తొట్టిని కూడా కంచె అవతలికి మార్పిస్తోంది, తూము బయటినుంచే శుభ్రం చేసేలా. ఇది మనకు ముందే ఎందుకు తోచలేదా అని అందరం తలలు గోక్కున్నాం.

డాక్టరుకు చూపించుకున్నాను. తిరిగి రాదట. ఆ మాట ఆయన ఎడమ పక్కనుంచి చెప్పి, గుర్తొచ్చి, కుడి పక్కకు వచ్చి మళ్ళీ చెప్పాడు.

నిన్న మొదటిసారి చోట్లు మార్చుకున్నాం. నీ తమ్ముడు లోపల, నేను గేటు దగ్గర. వెళ్లేముందు వాణ్ని సందులోంచి ఇటూ అటూ దూరి చూపించమన్నాను. నీ మరదలి వంట పుణ్యమా అని వాడి పొట్ట స్తంభాల మధ్య ఇరుక్కుంది. ఊపిరి బిగబట్టి లాక్కుంటేగాని రాలేదు. చంటోడు అది చూస్తూ తీరిగ్గా నెమరు వేశాడు. స్తంభాల మధ్య ఎడం కాస్త పెంచేదాకా లోపలికి వద్దన్నాను. వాడు వినకుండా వెళ్లబోతే గేటుకు అడ్డం నిలబడ్డాను. చివరికి మేస్త్రీ వచ్చి ఒక స్తంభం జరిపాకే వెళ్లనిచ్చాను. ఆబోతు తల అందులో పట్టదని కూడా కొలిచి చూసుకున్నాం.

ముక్కు కడియానికి కొక్కెం కర్ర తగిలించి చంటోణ్ని తడికలు కట్టిన బయటి ఆవరణలోకి తేవాలి, అంతే పని. నీ తమ్ముడు కర్ర చాచాడు. చంటోడు కదలకుండా నిలబడ్డాడు. నేను కళ్లార్పలేదు. గేటు దగ్గర నిలబడటం ఇంత కష్టమని నాకు ఇన్నేళ్లూ తెలియదు. లోపలున్నవాడు తన ప్రాణం తను చూసుకుంటాడు. బయటున్నవాడి చేతిలో ఇంకొకడి ప్రాణం ఉంటుంది, చెయ్యడానికి మాత్రం ఏమీ ఉండదు. చూడాలి, అంతే. నీ తమ్ముడు ఇన్నేళ్లు నా కోసం అలా నిలబడ్డాడు.

చంటోడి వీపు మీద వెంట్రుకలు లేచాయి. తల వంచి, మెల్లగా పక్కకు తిరగడం మొదలుపెట్టాడు. అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే పాల షెడ్డులో ఒకడు బిందె కిందపడేశాడట. నీ తమ్ముడు కర్ర వదిలేసి, వెనక్కి చూడకుండా, సందులోంచి బయటికి వచ్చి పడ్డాడు. వాడి వెనకే చంటోడి నుదురు స్తంభాలకు తగిలి ఇనుము మోగింది. అది నాకు కూడా వినపడింది.

వాడు కింద కూర్చుని రొప్పుతూ "బావా, చెవి పోయింది నీది. నాది కాదు. కాస్త తగ్గించి అరువు" అన్నాడు.

తగ్గించనని చెప్పాను. ఆ రోజుకు చంటోణ్ని వాడి మానాన వదిలేశాం. ఇవాళ పొద్దున పక్క దొడ్డి ఖాళీ చేయించి వెళ్తే, కర్రకు బుద్ధిగా వచ్చాడు.

ఇక నీ గీత గీసిన మాటకు జవాబు. నేను దొడ్డిలోకి వెళ్లను. ఇకముందు ఎప్పుడూ వెళ్లను. కానీ నువ్వు బెదిరించావని మానలేదు, ఆ మాట స్పష్టంగా రాస్తున్నాను. పాల షెడ్డులో ఆ మాట చెప్పి వచ్చాక, మర్నాడు అందింది నీ ఉత్తరం. నమ్మకం లేకపోతే పోస్టుమాన్‌ని అడుగు. గేటు దగ్గర మాత్రం నిలబడతాను. నీ తమ్ముడు లోపల ఉన్నంతకాలం నిలబడతాను. నీకు అది కూడా ఇష్టం లేకపోతే అక్కడే ఉండు, నేను వచ్చి బతిమాలను. బతిమాలడం నాకు రాదు, నేర్చుకునే వయసు దాటింది.

వస్తే మాత్రం, మంచం మీద నేను అటు చివరికి మారాను, నువ్వు ఇటు పక్క పడుకోవాలి. ఇన్నాళ్లూ నా ఎడమ పక్కన పడుకుని దీపం తీసేశాక నువ్వు ఏదో ఒకటి అంటూ ఉండేదానివి. నేను ఊకొట్టేవాణ్ని కాదని అలిగి అటు తిరిగేదానివి. అవి ఎప్పట్నుంచి నాకు చేరడం లేదో నాకు తెలియదు. తిట్లే అయి ఉంటాయి. అయినా సరే, మొదటినుంచీ మళ్ళీ చెప్పాలి. అన్నీ వింటాను. ఒప్పుకుంటానని మాత్రం అనడం లేదు.

వదినకు నా నమస్కారాలు.

ఇట్లు,
ఎవరి బెదిరింపులకూ లొంగని
నీ మొగుడు